గాలి చూడకుండా దిగం

తొట్టిలోంచి పైకి తీసేసరికి కుర్ర ఖలాసీ పొడుగోడి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. చమురు మడ్డి కళ్ళలోకి, ముక్కులోకి పోయింది. ఖలాసీల మేస్త్రీ సరంగు తన చొక్కా విప్పి ఆ మొహం తుడుస్తూ కూర్చున్నాడు. ఎంత తుడిచినా నలుపు వదల్లేదు.

రేవు బయట లంగరేసి ఉన్న ఆ ఓడ అడుగున తొట్టిలో మడ్డి పేరుకుంటుంది. దాన్ని గోకి తీయడానికి మనిషి దిగాలి. లోపలి గాలి పీల్చడానికి పనికొస్తుందో లేదో చూసే మీటరు ఓడలో ఉంది, కానీ పాడైపోయి చీఫ్ ఆఫీసరు బీరువాలో పడి ఉంది. ఊపిరి సిలిండరూ ఉంది. తీరా అవసరం పడి భుజానికి ఎత్తుకుంటే అది ఖాళీ అని తెలిసింది. శిక్షణ పొందినట్టు అందరి దగ్గరా సర్టిఫికెట్లున్నాయి. ఒక గదిలో కూర్చోబెట్టి, వీడియో చూపించి చేతిలో పెట్టిన కాగితాలవి. ఆ సిలిండరు ఎలా తగిలించుకోవాలో వాళ్ళలో ఒక్కడికీ ఎవరూ చేసి చూపించలేదు.

పొడుగోడు నిచ్చెన సగం దిగి, ఏదో అనబోయి, పట్టు వదిలేశాడు. వాడి అక్క మొగుడు ఓడలో వంటవాడు. కేక విని వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చి తొట్టిలోకి దూకబోతే సరంగు నడుం వాటేసుకుని ఆపాడు. వంటాయన తిట్టాడు, కొట్టాడు, చెయ్యి కొరికాడు. సరంగు వదల్లేదు. పెద్ద ఫ్యాను తెచ్చి లోపలికి గాలి కొట్టించి, నడుముకి తాడు కట్టుకుని తనే దిగి తెచ్చేసరికి అంతా అయిపోయింది.

పొడుగోణ్ణి దిగమన్నది తనే. పైవాళ్ళ మాట కిందివాళ్ళకి చేరవేయడమే ఇన్నేళ్ళుగా అతని ఉద్యోగం. ఖలాసీలందరికీ పెద్ద అన్న పేరే గానీ, సొంతంగా ఒక్క మాట అనుకున్నది లేదు.

కెప్టెన్ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి చూసి, మనిషి ఎవరికీ చెప్పకుండా తనంతట తానే దిగాడని ఆఫీసుకి తెలియజేస్తానన్నాడు. శవాన్ని ఒడ్డుకి పంపేయాలి. తెల్లారేసరికి మిగిలిన మడ్డి తోడేసి, కాస్త ఎడంగా వెళ్ళి సముద్రంలో వదిలేసి ప్రయాణం సాగించాలి. రేవుకి అప్పగిస్తూ కూర్చుంటే ఆలస్యమట.

శవం పడవెక్కాక ఖలాసీలంతా భోజనాల గదిలో చేరారు. ఎవరూ పళ్ళెం ముట్టుకోలేదు. వాదన మొదలైంది. ఇంజను గదిలో పనిచేసే ఆయిలర్ అడ్డం తిరిగాడు. ఎదురు తిరిగితే తమ పేర్లు అన్ని కంపెనీలకీ పాకుతాయని, మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వరని, పిల్లలు గలవాణ్ణని అన్నాడు. అతని మాట అబద్ధమని ఎవరూ అనలేకపోయారు.

"మా ఆవిడకేం చెప్పమంటావు?" అన్నాడు వంటాయన. "మీ తమ్ముడు పొగరెక్కి దూకి చచ్చాడని చెప్పనా?"

కిటికీ దగ్గర నిలబడ్డ మరొకడు దూరంగా చేపల పడవల వైపు చూస్తూ అన్నాడు. "ఈ నీళ్ళలో వలేసేవాళ్ళూ మనలాంటోళ్ళే. వాళ్ళ నోట్లో మడ్డి కొట్టడానికి మన చేతులే దొరికాయా?"

అందరూ సరంగు వైపు చూశారు. అతనికి నడుం వాల్చి పడుకోవాలని ఉంది, అంతే. పోరాడే ఓపిక ఉందని అతనికి అనిపించలేదు. కానీ రేపు ఇంకొకణ్ణి 'దిగు' అనే ఓపిక అసలే లేదు.

"లంగరు ఎత్తమంటారు. నేను మీకు చెప్పను. ఇంకెవరు చెప్పినా ఎత్తొద్దు. గాలి చూడకుండా దిగం. మడ్డి రేవుకే ఇస్తాం. మనోడు ఎలా పోయాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. అంతే."

చివరికి ఆయిలరే నిట్టూర్చి, "కెప్టెన్ ఒక్కొక్కణ్ణీ గదిలోకి పిలిచి విరగ్గొడతాడు. ఒక్కణ్ణి పిలిచినా అందరం పోదాం," అన్నాడు.

అలాగే జరిగింది. తెల్లారింది, లంగరు లేవలేదు. కెప్టెన్ సరంగుని పిలిపిస్తే అందరూ వెళ్ళారు. గది పట్టలేదు. నడవా నిండిపోయింది. కెప్టెన్ ముందు బుజ్జగించాడు, తర్వాత ఉద్యోగాలు ఊడతాయన్నాడు.

"దీన్ని తిరుగుబాటంటారు, తెలుసా?"

"అనండి," అన్నాడు సరంగు.

మధ్యాహ్నానికి పోలీసు పడవ వచ్చింది. సరంగుకి సంకెళ్ళు వేసి దించుతుంటే వంటాయన వచ్చి తన చొక్కా అతని భుజాల మీద కప్పాడు. తను కొరికిన చేతి మీదకి దాని అంచు లాగాడు. పడవ లంగరేసిన ఓడల మధ్యనుంచి సాగింది. ప్రతి ఓడ మీదా ఖలాసీలు పని ఆపి, కమ్మీల దగ్గరికొచ్చి నిలబడి చూశారు.

స్టేషన్‌లో ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. కూర్చున్నచోటే నిద్రపోయాడు. ఇన్‌స్పెక్టర్ భుజం తట్టి లేపి, ముసలితనంలో ఇదేం పని, ఏం సాధించావని అడిగాడు. సరంగు కళ్ళు నులుముకున్నాడు.

"ఓడ కదిలిందా బాబూ?"

ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి లంగరేసిన ఓడల వైపు చూశాడు.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. వంటాయనని, ఆయిలర్‌ని లోపలికి తోశారు. వాళ్ళ వెనకే ముక్కూమొహం తెలియని ముగ్గురు వచ్చారు. ఆ ముగ్గురి బట్టల మీదా ఎండిన మడ్డి మరకలు, అదే వాసన.

"మీరెవరు?" అన్నాడు సరంగు.

"పక్క ఓడ," అన్నాడు వాళ్ళలో ఒకడు. "మాకూ తొట్టి ఉంది. ఇవాళ దిగలేదు."

సరంగు బెంచీ మీద పక్కకి జరిగాడు.