పేరు చెప్పవలసినవాడు

కంచు ఊరి మీద ఎగురుతున్నాడు. మేడల కప్పులు, వీధి దీపాలు, వంతెన కింద నల్లటి నది, అన్నీ కాళ్ల కిందనుంచి జారిపోతున్నాయి. భుజాల వెనక నీలం వస్త్రం రెపరెపలాడుతోంది. అసలు కాళ్లు మాత్రం ముందుగదిలో, సోఫా గోడకు జరిపి ఖాళీ చేసిన చోట, చాప మధ్యన ఉన్నాయి. తూలిపడకుండా భార్య వెనకనుంచి నడుం పట్టుకుని నిలబడింది.

"బావా, గోపురానికి గుద్దుకుంటావ్! పైకి, పైకి!" టీవీ ముందు గొంతుక్కూర్చుని బావమరిది అరుస్తున్నాడు. కంచుకి వీఆర్ హెడ్‌సెట్‌లో కనిపించేదంతా ఆ టీవీలోనూ కనిపిస్తోంది. ఆటల దుకాణం నడిపే ఆ బావమరిదే సెట్టు మోసుకొచ్చాడు. "లోకంలో దొంగలందరూ మా బావకోసం ఎదురు చూస్తున్నారక్కా," అన్నాడు వైర్లు బిగిస్తూ.

కంచు అతని అసలు పేరు కాదు, కంచులాంటి గొంతుకి పడ్డ పేరు. కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడతను. దిమ్మె ఎక్కి గొంతెత్తితే గేటు బయట లారీలవాళ్లు కూడా ధర వినేవారు. ఇంట్లోనూ అంతే. నీ నోట్లో నువ్వుగింజ నానదు, నిద్రలో కూడా బేరాలేనా, అని భార్య విసుక్కునేది. మొన్నటి వేసవిలో, టమాటా గుట్ట ముందు, ధర పలుకుతూ పలుకుతూ పక్షవాతంతో కూలిపోయాడు. కాలు వచ్చింది, చెయ్యి చాలావరకు వచ్చింది. మాట రాలేదు.

రాలేదంటే మూగబోలేదు. అదే అయితే నయమనిపించేది అతనికి. మాటలన్నీ లోపలే ఉన్నాయి, ఎక్కడివక్కడే, సర్దిపెట్టినట్టు. పెదవుల దాకా వచ్చేసరికి ఒకదాని బదులు ఇంకొకటి వచ్చి నిలబడేది. మంచినీళ్లు అడగబోతే తాళంచెవి అనేవాడు. ఒక్కటి మాత్రం తడబడకుండా వచ్చేది: "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి." అలవాటుపడ్డ మాటలు వేరే దారిన వస్తాయని, తక్కినవాటికి దారి మళ్లీ వెయ్యాలని మాటలు నేర్పే డాక్టరమ్మ చెప్పింది. ఆటలు మంచివేనంది. మనసు వేరేచోట ఉన్నప్పుడు మాట తనంతట తానే జారిపడవచ్చునంది.

మార్కెట్ షావుకారు అతని దిమ్మెను ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతాడు? ఈ పూట హెడ్‌సెట్ తొడుక్కుంటూ కంచు తనతో తాను పందెం వేసుకున్నాడు. ఈ ఆటలో నేరస్థుడి పేరు నా నోటితో చెబితే, రేపు వెళ్లి దిమ్మె ఎక్కుతాను. చెప్పలేకపోతే ఇక ఆశ పెట్టుకోను. పందెం సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలన్నా ఎలా చెబుతాడు?

ఆటలో అతను ముసుగు వీరుడు, అపరాధ పరిశోధకుడు. గోడల గుండా చూడగలడు, లారీని ఒంటిచేత్తో ఎత్తగలడు. మ్యూజియంలో వజ్రం పోయింది. ఏ పాపమూ తెలియని కాపలావాడికి సంకెళ్లు వేసి వ్యాను ఎక్కిస్తున్నారు. తలుపు మూసేలోగా అసలు దొంగ ఎవరో చెప్పాలి. మేనేజరు, వైద్యురాలు, తోటమాలి వరుసగా నిలబడ్డారు.

"మేనేజరే బావా. ఆ మీసం చూడు, అది దొంగ మీసం."

కంచు మీసం చూడలేదు. కళ్లు చూశాడు. పగిలిన గాజుపెట్టె వైపు మేనేజరు చూస్తున్నాడు, వైద్యురాలు చూస్తోంది, చివరికి కాపలావాడూ చూస్తున్నాడు. తోటమాలి ఒక్కడే కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు. వేలంలో అతను నేర్చుకున్నదదే. సరుకు నిజంగా కావలసినవాడు సరుకును చూడడు, గోడమీద బల్లిని చూస్తాడు. వీరుడి చూపుతో తోటమాలి చొక్కా గుండా చూస్తే, ఛాతీకి కట్టుకున్న మూటలో వజ్రం మెరిసింది.

చెయ్యెత్తి అతనివైపు వేలు చూపించాడు. టీవీలో నీలం తొడుగు వేసుకున్న పెద్ద చెయ్యి లేచింది.

"తోటమాలా? భలే పట్టావ్ బావా! కానీ చూపిస్తే ఒప్పుకోదు. నోటితో అనాలి."

తోటమాలి. ఆ మాట కంచు మనసులో ఎంత దగ్గరగా ఉందంటే, దాని వేళ్లకంటిన తడిమట్టి వాసన కూడా తెలుస్తోంది. దాన్ని మెల్లగా, పసిపిల్లను నడిపించినట్టు, గొంతు దాకా తెచ్చాడు. పెదవులు విడివడ్డాయి.

"ఒకటోసారి," అన్నాడు.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి," అంది యంత్రం మర్యాదగా. బావమరిది ఫక్కున నవ్వి, అక్క ముఖం చూసి నవ్వు మింగి, మళ్లీ టీవీ వైపు తిరిగాడు.

మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి "తలుపు" వచ్చింది. మొదటి ‘త’ సరిగ్గానే పడింది. మిగిలింది ఎక్కడో జారిపోయింది. కాపలావాడు వ్యాను మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగి అతన్నే చూస్తున్నాడు. ఉత్త బొమ్మ అది. బొమ్మ అని తెలిసీ కంచు మెడ మీద చెమట పట్టింది. ఇంత బలం, ఇంత చూపు, ఇవన్నీ ఒక్క మాటకు లోబడి ఉన్నాయి. వ్యానును ఎత్తి పారెయ్యగలడు, అయినా కాపలావాడు దోషిగానే మిగులుతాడు. సైరన్ మోగింది. తలుపు మూసుకోవడం మొదలైంది.

"తో..." అన్నాడు. "తో..."

వస్తోంది. ఈసారి నిజంగానే వస్తోంది. నాలుక వెనక దాని బరువు తెలుస్తోంది. ఒక్క ఊపిరి చాలు.

"తోటమాలి," అని వినిపించింది.

చెవి పక్కనుంచి. వేడి ఊపిరితో, గుసగుసగా.

టీవీ మీద పెద్ద అక్షరాలు పడ్డాయి: తోటమాలి. వ్యాను తలుపు తెరుచుకుంది. సంకెళ్లు తెగిపడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. తోటమాలి మోకాళ్ల మీద కూలి, ముసుగు వీరుడికి మొక్కాడు.

"చెప్పాడు! అక్కా, బావ చెప్పాడు!" సైరన్ హోరులో బావమరిదికి గొంతు వినపడలేదు, అక్షరాలు మాత్రమే కనపడ్డాయి. గంతేసి వచ్చి బావను వాటేసుకున్నాడు.

కంచు హెడ్‌సెట్ తీశాడు. భార్య చప్పున చేతులు వెనక్కి తీసుకుంది. ఆమె ముఖంలో తప్పుచేసిన భయమూ ఉంది, నా వల్ల కాలేదు, చూస్తూ ఉండలేకపోయాను అన్న బతిమాలడమూ ఉంది. నేను కాదు అనాలనుకున్నాడతను. రెండే మాటలు.

"తలుపు," అన్నాడు.

"తలుపా? ఎవరూ రాలేదు బావా."

గట్టిగా తల అడ్డంగా ఊపాడు.

"అబ్బో, పైగా మొహమాటం కూడానా! షావుకారుకి ఇప్పుడే చెబుతా. రేపే దిమ్మె ఎక్కాలి నువ్వు." ఫోను తీశాడు.

"ఆగరా," అంది భార్య. "రెండు రోజులు పోనీ."

"ఎందుకక్కా? పొద్దస్తమానం ఆయన మాట్లాడితే బాగుణ్ణని ఏడ్చేది నువ్వేగా?"

"ఆగమన్నానా! అన్నిటికీ తొందరే నీకు."

బావమరిది బిక్కమొహం వేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. కంచు వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. జరిగింది తెలిసినవాళ్లు గదిలో ఇద్దరే, ఆ ఇద్దరిలో నోరున్నది ఒక్కరికే. ఆ ఒక్కరు చెప్పరు. తన మీద జాలితోనే చెప్పరు. పందెం గెలిచాడా, ఓడాడా? గెలవలేదు. ఓడనూ ఇవ్వలేదామె. ఆ చివరి ఊపిరిలో మాట వచ్చి ఉండేదా, రాదా అన్నది ఇక ఎప్పటికీ తేలదు.

ఒక్కటే దారి కనిపించింది. టీవీ వైపు వేలు చూపించి, ఆ వేలును వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. అదే కేసు. మొదటినుంచి.

"ఇంకోటా? రుచి మరిగావు బావా! ఉండు ఉండు, పెద్ద కేసు ఉంది, బ్యాంకు దోపిడీ."

కాదని మళ్లీ వేలు తిప్పాడు.

"పెడుతున్నా కదా, ఓపిక పట్టు!"

కంచు భార్య వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది. పెళ్లైన నాటినుంచీ అతని సగం మాటలు పూర్తిచేసింది ఆమే. పాతదే అడుగుతున్నారురా అంటే సరిపోయేది. ఎందుకు పాతది అని తమ్ముడు అడుగుతాడు. అప్పుడేం చెప్పాలి? ఆమె వంగి హెడ్‌సెట్ అందుకుని, అతని నుదుటి మీద చెమట కొంగుతో తుడిచి, కళ్లకు పెట్టి, పట్టీ బిగించింది. బిగువు ఎక్కువైందేమోనని వేలు దూర్చి చూసింది.

మళ్లీ ఊరు, మళ్లీ దీపాలు, వెనక నీలం వస్త్రం. బ్యాంకు మెట్ల మీద సంకెళ్లతో ఒక టైపిస్టు నిలబడి ఉంది. ఆమె ఎదురుగా అనుమానితుల వరుస. ఎవరు దొంగో కంచుకి మొదటి చూపులోనే తెలిసిపోయింది. సైరన్ మోగింది. టైపిస్టు తలెత్తి అతని ముఖంలోకి చూసింది.

అతను పెదవులు కదపలేదు. వేలెత్తి దొంగను చూపించి, చెవి పక్కన ఊపిరి కోసం ఎదురుచూడసాగాడు.