ఈ నీలం ఎవరిది

నాలుగో తొట్టి దగ్గర ఆవిరి గొట్టం పగిలి పొడుగాయన కిందపడ్డప్పుడు సూపర్‌వైజర్ మొదట చూసింది బట్ట వంక. తొట్టిలో నీలం బట్ట ఉడుకుతోంది. మధ్యలో ఆపితే చారలు పడతాయి.

"ఇంకో ఏడు నిమిషాలు. అప్పుడు మిషన్ ఆపి ఆయన్ని తీయండి" అన్నాడు.

పక్క తొట్టి మీద మా అన్న ఉన్నాడు. కర్ర పారేసి పొడుగాయన చంకల కింద చేతులేసి లాగాడు. ఆవిరికి ఎదురెళ్లి లాగడం ఒక్కడివల్ల కాలేదు. మరో ఇద్దరు వచ్చేలోపే ఆలస్యమైపోయింది. బట్ట మాత్రం చక్కగా దిగింది. చార లేదు.

నేను అదే అద్దకం మిల్లులో, తూకం గదిలో రాతపని చేసేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఇది రాయడం కూడా అందుకే నా మీద పడింది.

మా మిల్లులో ఒక పాట ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. "ఈ నీలం ఎవరిది? ఈ ఎరుపు ఎవరిది?" అని ఒకరు అడుగుతారు. జవాబులన్నీ చనిపోయినవాళ్లు. మిల్లులో ఎవరు పోయినా, పనిలో వాళ్ల పక్కన నిలబడ్డ మనిషే కొత్త జవాబు కట్టాలి. పాడడం రాదంటే కుదరదు. మరుసటి షిఫ్టు గేటు తెరవకముందే శవం దగ్గర నిలబడి కట్టాలి. అప్పటిదాకా ఎవరూ లోపలికి పోరు. యజమాని ఎన్నిసార్లు బెదిరించినా ఈ ఒక్కటి మాన్పించలేకపోయాడు.

ఆ ఉదయం అన్న కట్టాడు.

"ఈ నీలం ఎవరిది?
నాలుగో తొట్టి పొడుగాయనది.
ప్రతి గుమ్మం ముందూ తల వంచి,
ఏ మనిషి ముందూ వంచనివాడిది."

డ్రమ్ము మామ ఖాళీ రంగు డ్రమ్ము బోర్లించి వాయించాడు. మూడు వందల మంది అందుకున్నారు. పొడుగాయన భార్య ఏడుస్తూనే, "అవును, ఇంట్లో కూడా తల వంచేవాడు, లేకపోతే గుమ్మం తలకు తగిలేది" అంది. జనం ఏడుస్తూ నవ్వారు.

ఆ పాటను ఎవరో ఫోన్లో పట్టారు. నెల తిరగకుండా పాటల కంపెనీ ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

మంచి మనిషిలాగే ఉన్నాడు. మా యూనియన్ గదిలో చాప మీద మాతోపాటే కూర్చున్నాడు. "నేనూ కాలేజీలో జెండా పట్టినవాణ్ణే. ఈ పాట దేశమంతా వినాలి" అన్నాడు.

ఆయన వెళ్లాక గదిలో గొడవ మొదలైంది.

"ఆలోచించండి" అన్నాడు అన్న. "మన గొంతు గేటు దాటి వందడుగులు పోదు. పొడుగాయన ఎలా చచ్చాడో ఈ వీధి చివరి టీ కొట్టువాడికి కూడా తెలీదు. వాళ్ల దగ్గర దేశమంతా వినపడే యంత్రం ఉంది. శత్రువు చేతిలో ఉందని మైకు వద్దంటామా?"

"మైకు వాళ్లదైతే నొక్కే మీట కూడా వాళ్లదేరా" అంది తూకం అత్త.

ఆమె నాకు వరసకు అత్త కాదు. అందరికీ అత్తే. ఇరవై ఆరేళ్లుగా తూకం గదిలో రంగు పొడులు తూచే మనిషి. నేను రాసే ప్రతి అంకె ఆమె చెప్పిందే.

"మీటెక్కడుందో మనకు తెలుసులే అత్తా. మనమేం పసిపిల్లలం కాదు."

"నువ్వు కావు. నీ ముఖంలో వెలుగు చూస్తే మాత్రం అలాగే ఉంది."

అన్న ముఖం మాడిపోయింది. డ్రమ్ము మామ మధ్యలో దూరాడు. "అది సరేగానీ, నా డ్రమ్ము కూడా రికార్డవుతుందా? అది మిల్లు సొత్తు. వాయించినంతసేపూ దొంగసొత్తు వాయించినట్టే."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"ఒక్క మాట అడుగుతా. ఈ పాట మనలో ఎవరిది? చెప్పండి. ఎవరిదో తెలిస్తే వాడినే ఇవ్వమనండి. నాకు అభ్యంతరం లేదు."

కానీ చేతులెత్తమంటే ఎక్కువ చేతులు అన్న వైపే లేచాయి. నా చెయ్యి కూడా. నేను ఎత్తింది మా అన్న ముఖం చూసి కాదు. పొడుగాయన సంగతి నలుగురికీ తెలియాలని ఎత్తాను. ఇప్పటికీ ఆ కోరిక తప్పని అనను.

తప్పు ఆ తర్వాత జరిగింది. చేసింది నేను.

ఒప్పందం పద్నాలుగు పేజీలు. చదవగలిగినదాన్ని నేనే. రెండు రోజులు కూర్చుని ప్రతి పేజీ చదివి అందరికీ అర్థం చెప్పాను. 'తుది రూపం కంపెనీ నిర్ణయం' అని ఒక వాక్యం ఉంది. శబ్దం బాగుచేయడం గురించి అనుకున్నాను, అలాగే చెప్పాను. ఇంకో చోట 'రచయిత' అని ఒక గడి ఉంది.

"ఇక్కడేం రాయాలి?" అని కంపెనీ ఆయన్ని అడిగాను. "ఇది అందరిదీ."

"అందరి పేర్లూ పట్టవు కదమ్మా. ఖాళీగా వదిలేస్తే రిజిస్టర్ కాదు. పాడేది మీ అన్నే కదా, ఆ పేరు రాసేయండి. ఉత్త లాంఛనం."

ఊళ్లో సగం మందికి రేషన్ దరఖాస్తులు, బడి దరఖాస్తులు నేనే నింపేదాన్ని. ఏ గడీ ఖాళీగా వదలకూడదు, వదిలితే వెనక్కొస్తుంది. నా చదువు నాకు నేర్పిన మొదటి సంగతి అది. అన్న పేరు రాశాను. దస్తూరి బాగుందని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

నాలాగే ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు ఇది చదువుతుంటే, ఇక్కడ కాసేపు ఆగండి. మనవాళ్లు మన చేతికి కలమిచ్చేది మనం తెలివైనవాళ్లమని కాదు, మన మీద నమ్మకంతో. మూడు వందల మందిదైన దాన్ని నేను ఒక్క గీతతో ఒక్కడి సొత్తు చేశాను. ఒక్కడిదైతేనే కంపెనీ దాన్ని తన పేర రాయించుకోగలదు.

రికార్డింగ్‌కి అన్ననూ డ్రమ్ము మామనూ పిలిచారు. తోడుగా నేనూ వెళ్లాను. గోడలకు దూదిపరుపుల్లాంటివి అతికించిన గది. అన్న అద్దం వెనక ఒక్కడే నిలబడ్డాడు. "ఈ నీలం ఎవరిది" అని అడిగి, అలవాటుగా జనం కోసం ఆగాడు. జనం లేరు. అలా మూడుసార్లు ఆగాడు.

జవాబులన్నీ పాడాడు. పద్దెనిమిది మంది. పాట బయటికొచ్చినప్పుడు అందులో ఒక్కరూ లేరు. ప్రశ్నలు మాత్రం ఉన్నాయి, వాటి మధ్య వయొలిన్లు ఉన్నాయి.

అన్న ఫోన్లో అరిచాడు. "మనుషులేరీ?"

"జాబితా ఎక్కువైతే వినేవాళ్లు జారిపోతారు. వినేవాళ్లే ఊహించుకుంటారు, అదే అందం" అన్నాడు కంపెనీ ఆయన. గొంతు ఏమాత్రం పెంచలేదు.

పాట దేశమంతా పోయింది. అన్న చెప్పింది నిజమే అయింది. బట్టల దుకాణాల్లో, బస్సుల్లో మోగింది. చివరికి మా మిల్లులోనే మోగింది. భోజనం వేళ యజమాని స్పీకర్లు పెట్టించి వేయించాడు. "మీ పాటే, వినండి, గర్వపడండి" అన్నాడు సూపర్‌వైజర్.

మేం తలొంచుకుని తిన్నాం. అన్న అప్పటికే కంపెనీ పంపిన ఊళ్లు తిరుగుతున్నాడు. ప్రతి వేదిక మీదా పేర్లు కలిపి పాడతానని వెళ్లాడు. మొదటి ఊళ్లోనే మైకు ఆపేశారు. ఒప్పందం చూపించి, ఇంకోసారి అయితే కేసన్నారు. ఆ సంగతి మాకు చెప్పడానికి ముఖం చెల్లక ఇంటికి రావడం మానేశాడు.

"వాణ్ణి తిట్టకే" అంది అత్త నాతో. "వాడికి ఆశ ఎక్కువ. ఆశపడ్డవాణ్ణి తిడితే ఇంకెవరూ ఆశపడరు."

అప్పటికే ఆమెకు దగ్గు. సెలవడిగితే మిల్లు డాక్టరు 'ఇంటి పొయ్యి పొగ' అని రాశాడు. ఆమె ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. దగ్గి తుడుచుకున్న గుడ్డలో ఎరుపు ఉండేది. అది నెత్తురో రంగో చెప్పలేకపోయేదాన్ని. వానలు మొదలైన వారం ఆమె పనికి రాలేదు. నేను ఆమె ఇంటికెళ్లేసరికి అయిపోయింది.

పొద్దున గేటు ముందు శవాన్ని దించాం. ఇనస్పెక్టరు ముందే వచ్చి ఉన్నాడు. చేతిలో కోర్టు కాగితం. యజమాని అడిగితే పాటల కంపెనీ ఇప్పించిన ఆర్డరది. గుంపుగా ఆ పాట పాడరాదు, మార్చి అసలే పాడరాదు.

"దండం పెట్టి తీసుకెళ్లండి. పాట మాత్రం వద్దు" అన్నాడు.

జనం నా వైపు చూశారు. అత్త పక్కన ఏడేళ్లు కూర్చున్నది నేనే. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. పోలీసులకు భయపడి కాదు. అమ్మేసిన చేత్తో ఆమెకు జవాబు ఎలా కట్టను?

"ఏం పిల్లా, ఎండ కోసం చూస్తున్నావా? వానలో తడుస్తోంది ఆమె" అన్నాడు డ్రమ్ము మామ.

త్రాసు ముందు అత్త గుర్తొచ్చింది. ఊపిరి తగిలి పొడి ఎగురుతుందని, ముల్లు నిలిచేదాకా శ్వాస పీల్చేది కాదు. ఇరవై ఆరేళ్లూ అంతే.

"ఈ ఎరుపు ఎవరిది?" అన్నాను. అది పాటలా లేదు, అరుపులా ఉంది.

"తూకం గదిలో మా అత్తది.
ముల్లు నిలిచేదాకా ఊపిరాపి
మీ రంగు తప్పనివ్వని మనిషిది."

డ్రమ్ము మోగింది. జనం అందుకున్నారు. వెనక నుంచి ఒక గొంతు మా అందరికంటే పైకి లేచింది. అన్న. ఎప్పుడొచ్చాడో, ఆ గుంపులో వెనకెక్కడో దాక్కున్నాడు. జనం దారిచ్చారు. వచ్చి అత్త కాళ్ల దగ్గర నిలబడి పద్దెనిమిది మందినీ వరసగా పాడాడు.

ఇనస్పెక్టరు భుజం పట్టుకున్నాడు. "నువ్వే కదా రాసిచ్చింది?"

"నాది కానిది రాసిచ్చాను సార్. దానికి ఏ కేసు పెడతారో పెట్టుకోండి."

అన్ననూ నన్నూ వ్యాన్ ఎక్కించారు. డ్రమ్ము మామను లాఠీతో కొట్టి డ్రమ్ము లాక్కున్నారు. తలుపు మూస్తుండగా ముగ్గురు ఆడవాళ్లు జనాన్ని తోసుకుంటూ వచ్చారు. మా మిల్లువాళ్లు కాదు. వాళ్ల చేతులకు రంగు లేదు, వేళ్లనిండా సూదిపోట్లు.

"మేం కుట్టుపని ఫ్యాక్టరీవాళ్లం, మిమ్మల్నే వెతుక్కుంటూ వచ్చాం" అంది పెద్దామె వ్యాన్ కిటికీ పట్టుకుని. "మీ పాట బస్సులో విన్నాం తమ్ముడూ. ఊరికే అడుగుతుంది, జవాబు చెప్పదేంటి అనుకున్నాం. మా దగ్గర అగ్గికి పోయినవాళ్లున్నారు, వాళ్లను పెట్టుకుని పాడుకుంటున్నాం. తప్పా?"

అన్న తల అడ్డంగా ఊపాడు. ఆమె వెనక్కి తిరిగి, అత్త శవం పక్కన నిలబడి మొదలుపెట్టింది. తాళం వేసిన మెట్ల దగ్గర పడిపోయిన ఒక అక్క, ఆమె చెయ్యి వదలని ఒక చెల్లి. మా జనానికి వాళ్లెవరో తెలియదు. అయినా అందుకున్నారు.

పాట ఇలా బయటికి పోవడానికి అత్త ఒప్పుకునేదో లేదో నాకు తెలియదు. అడగడానికి ఆమె లేదు.

వ్యాన్ కదిలింది. ఆ పొద్దున షిఫ్టు సైరన్ రెండుసార్లు మోగింది. ఒక్కరూ లోపలికి పోలేదు. మలుపు తిరిగేదాకా, కిటికీ చువ్వలకు చెవి ఆనించి, మేము ఎన్నడూ చూడని మనుషుల పాట విన్నాం.