సంచిలోని నీళ్లు

నా భార్య నళిని తుంటి ఎముకకు ఒక అంకె ఉండేది. మొదటి స్కాన్‌లో మూడున్నర. డాక్టర్ ప్రహ్లాద్ దాన్ని కాగితం మీద రాసి చుట్టూ గీత గీశాడు.

రొమ్ముకు ఆపరేషన్ అయిన రెండేళ్లకు జబ్బు తుంటిలోకి దిగింది. మాత్రలు వాడి మళ్లీ స్కాన్ తీయించమన్నాడు. అంకె తగ్గితే మాత్రలే చాలు, తగ్గకపోతే తుంటికి కరెంటు పెట్టాలన్నాడు. రేడియేషన్‌ను అందరూ అట్లనే అనేవాళ్లు. కవాడిగూడలో వాళ్ల చిన్నమ్మకు కరెంటు పెట్టినప్పుడు చర్మం కమిలిపోవడం నళిని చూసింది. అప్పటినుంచీ ఆ మాటంటేనే ఆమెకు వణుకు.

1995 అది. చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నేను కోస్గి బడిలో పదో తరగతితో ఆగినవాణ్ణి. పంతులు వేసిన మార్కు తప్పని అక్కడ ఎవరూ అనలేదు.

స్కాన్ సెంటర్ నారాయణగూడలో. చేతికి ఇంజక్షన్ ఇచ్చి, మందు ఎముకలకు పట్టేదాకా కొన్ని గంటలు ఆగమనేవాళ్లు. ఆలోగా నీళ్లు బాగా తాగాలి. మొదటిసారి ఆటోలో ఇంటికొచ్చాం. మజ్జిగ తాగింది, కుండలో నీళ్లు చెంబులకు చెంబులు తాగింది, పడుకుని లేచింది, వెళ్లాం. రెండోసారి, మార్చిలో, యంత్రం ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు పిలుస్తాం, కదలొద్దన్నారు. బెంచీ మీదే కూర్చున్నాం. అక్కడి బాత్‌రూమ్ తలుపుకు గొళ్లెం లేదు.

లోపలికి పిలిచినప్పుడు నళిని నావైపు తిరిగింది.

"పెండ్లినాడు గూడ నాకిన్ని ఫొటోలు తియ్యలే."

అంకె రెండున్నర వచ్చింది. మందు పనిచేస్తోంది, కరెంటు అక్కర్లేదు, ఇంట్లో పనులు ఎప్పటిలా చేసుకోవచ్చన్నాడు ప్రహ్లాద్.

"నొప్పి అట్లనే ఉన్నది సార్," అంది నళిని.

"నొప్పి మెల్లగా పోతుందమ్మా. ముందు అంకె చూడండి."

చూశాం. ఆ సాయంత్రం ఆటో ఎక్కనన్నది. నారాయణగూడలో మిర్చి బజ్జీలు కొనిపించుకుని, కాగితంలోంచి తింటూ, నా భుజం పట్టుకుని ఇంటిదాకా నడిచింది. రాగానే సంచిలోంచి నీళ్ల సీసా తీసి మల్లె కుండీలో పోసింది. నిండు సీసా. తాగలేదేమని అడిగాను.

"తాగితే ఆ తలుపు ఎవరు పట్టుకుంటరు? నువ్వా?" అని నవ్వింది.

ఆ ఎండాకాలం అంత మంచి ఎండాకాలం మాకు ముందూ లేదు, తర్వాతా లేదు. పొద్దు వాలగానే అశోక్‌నగర్ వీధుల్లోకి నడిచేవాళ్లం. చెట్ల కింద ఆగి ఆగి నడిచేది. మెల్లగా అంటే, "నాకు రెండున్నరే," అనేది. తుంటి సలుపుతున్నా తన ఎముక చెప్పింది నమ్మలేదు, కాగితం చెప్పింది నమ్మింది. మేడ మీద సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మందు పేరు తప్ప వేరే మాటలు ఇంట్లోకి తిరిగొచ్చాయి.

మే నెలలో వడియాల గుడ్డ తేవడానికి మెట్లెక్కింది. జారి పడలేదు. మెట్టు మీద కాలు మోపితే ఎముక విరిగింది. విరిగాక పడింది.

ఆపరేషన్‌కు ముందు మళ్లీ స్కాన్ అన్నారు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లాం. ఈసారి యంత్రం దగ్గర రాజీవ్ అని కొత్తతను ఉన్నాడు. నీళ్లు తాగినరా అమ్మా అని అడిగాడు. పోయినసారి తాగలేదని నళినే చెప్పింది. అతను చేస్తున్న పని ఆపాడు.

నేను బయటికి పిలిచి అడిగాను. తుంటి మెరుపును తొడ కండ మెరుపుతో పోల్చి అంకె తీస్తారట.

"నీళ్లు తాగకుంటే ఇంజక్షన్ మందు కండలనే ఉండిపోతదన్నా. కండ ఎక్కువ మెరుస్తది, అంకె తక్కువొస్తది. జబ్బు తగ్గినట్టు కాదు."

"మరి పోయినసారిది?"

"దాన్ని లెక్కల తీసుకోవద్దుండె."

ఈసారి నీళ్లు తాగించాకే తీశారు, అంకె నాలుగు దాటింది. ప్రహ్లాద్‌కు చెప్పాను. అంకె ఒక్కటే చూసి ఎవరూ నిర్ణయించరన్నాడు. నన్ను చూడలేదు, గోడ మీది ఫిల్మ్ చూస్తూ అన్నాడు.

నళిని మంచం దిగలేదు. చివరికి కరెంటు కూడా పెట్టారు. వినాయకులు ట్యాంక్‌బండ్‌కు పోయే రోజుల్లో, ఆ డప్పుల మధ్య, ప్రహ్లాద్ కాలర్ పట్టుకుని అడిగి వస్తానన్నాను.

"పోకు," అంది. "నువ్వు పోయి కొట్లాడితే ఆ రెండున్నర గూడ పోతది. ఆ ఎండాకాలం నేను మంచిగ నడిచిన. అది నాకుండనీ."

దీపావళి దాకా లేదు.

నేను ప్రహ్లాద్ దగ్గరికి వెళ్లలేదు. అతన్ని క్షమించానని కాదు. క్షమించను. బస్సు నారాయణగూడ మీదుగా పోతుంటే ఆ స్కాన్ సెంటర్ బోర్డు వైపు ముఖం తిప్పను. అశోక్‌నగర్‌లో దిగి, ఆగి ఆగి నడుస్తాను, పక్కన ఒక మనిషికి చోటు వదిలి.