మైలుతుత్తం మిగిలిన ట్యాంకు

మత్యాకూబ్ మందు ట్యాంకును మూడోసారి కడుగుతున్నాడు. కాలవ నీళ్లు పోసి, మూత బిగించి, గుండెలకు హత్తుకుని ఊపి, పారబోశాడు. అడుగున నీలం ఛాయ ఏమైనా ఉందేమోనని కన్ను పెట్టి చూశాడు. లేదు. అయినా నాలుగోసారి నీళ్లు పట్టాడు.

"ట్యాంకు కడుగుతున్నావా అన్నా, పెళ్లికూతురికి తలంటుతున్నావా?" అంది వ్యవసాయాధికారిణి జుల్‌హుమార్, పత్తిచేను గట్టు మీద నిలబడి. "ఎండెక్కితే మందు ఆకు మీదే ఆరిపోతుంది. కానియ్."

ఆమె డబ్బాలోంచి ముదురు గోధుమరంగు అమైనో ఆమ్లాల మందు కొలిచి పోసింది. ఉడికిన తోలు వాసన. చలిగాలికి, నేలలోని ఉప్పుకి సొమ్మసిల్లిన మొక్కకు అది జబ్బుమనిషి నోట్లో పోసే జావ లాంటిది. సొంతంగా వండుకునే ఓపిక లేనప్పుడు ఆకుల మీదుగా అందిస్తే తేరుకుంటుంది.

పద్నాలుగేళ్లుగా అతని పని ఇదే. ట్యాంకు పట్టీలు ఒరుసుకుని రెండు భుజాల మీదా నల్లటి కాయలు కాశాయి. పంపు కొట్టీ కొట్టీ ఎడమచెయ్యి కుడిదానికన్నా లావైంది. బస్సెక్కితే పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారని మెట్టు దగ్గరే నిలబడతాడు. ఖోరెజ్మ్ ప్రాంతంలో ఆ కాలవ పొడవునా అతను నడవని చేను లేదు. రైతులకు మాత్రం అతను 'మందు కొట్టేవాడు'. పేరు పెట్టి పిలిచేది ముసలి రైతు ఎర్నజర్ తాత ఒక్కడే. "నీ హస్తవాసి మంచిదిరా మత్యాకూబూ" అంటూ తన రొట్టెలో సగం తుంచి ఇచ్చేవాడు.

పన్నెండు రోజుల కిందట ఆ తాత ఖర్బూజా మడికి మత్యాకూబ్ ఇదే మందు కొట్టాడు. అంతకుముందు ద్రాక్షతోటకు కొట్టిన మైలుతుత్తం నీళ్లు ట్యాంకు అడుగున రెండు దోసిళ్లు మిగిలాయి. చూశాడు. కాలవ దాకా నడవడానికి బద్ధకించి, వాటిలోనే ఈ మందు కలిపేశాడు. ఆ రెండూ కలిస్తే మైలుతుత్తంలోని రాగి ఆకులోకి చొరబడి కాల్చేస్తుందని జుల్‌హుమార్ ఎన్నోసార్లు చెప్పింది. మూడోనాటికి లేత ఆకులు అంచుల నుంచి మాడి కాగితాల్లా గలగలలాడాయి.

తాత మడిలో చతికిలబడి చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పు పైకొచ్చిందిరా. చలికాలంలో నీళ్లు కట్టి కడగాల్సింది, నడుంనొప్పని పడుకున్నాను. నాదే పాపం. నీ మందూ వృథా చేశాను."

మత్యాకూబ్ నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. "అవును తాతా, ఈ ఏడు ఉప్పు ఎక్కువే" అన్నాడు.

ఆరోజు కూడా తాత రొట్టె తుంచి ఇచ్చాడు. అతను తిన్నాడు.

పత్తిచేను చివరి సాలు ముగిసేసరికి ఎండ చురుక్కుమంది. ట్యాంకు దించి, జుల్‌హుమార్ వైపు చూడకుండా అన్నాడు: "తాత ఖర్బూజాలు మాడింది ఉప్పుకి కాదమ్మా. నేను ట్యాంకు కడగలేదు."

ఆమె మందు డబ్బా మూత బిగించింది. "నాకెందుకు చెప్తావన్నా? ఆ ముసలాయన రోజూ తన్ను తాను తిట్టుకుంటున్నాడు. పో, ఆయనకి చెప్పు."

చేతులు కూడా కడుక్కోకుండా బయల్దేరాడు. దారి పొడవునా మొదటి మాట వెతుక్కున్నాడు.

తాత గుమ్మం బయట అయిదారుగురు మగవాళ్లు, చావింటి ముందు నిలబడే ఆనవాయితీ ప్రకారం, నిలువు అంగీలకు నడికట్లు కట్టుకుని, తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. మత్యాకూబ్ కాళ్లు ఆగిపోయాయి.

తాత కూతురు ఓయ్‌జమాల్ గుమ్మంలోకి వచ్చింది. "పొద్దున టీ ఇద్దామని లేపబోయాను, లేవలేదు" అంది. "మళ్లీ విత్తుతానంటూ నిన్న నీకోసం అడిగాడు."

"ఆ మడిలో ఉప్పు లేదమ్మా. తప్పు నాది. ట్యాంకులో..."

ఆమె అతని చేతుల వంక చూసింది. "నిన్న చెప్పలేకపోయావా?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

మత్యాకూబ్ వాకిట్లోనే నిలబడిపోయాడు. మల్బరీ చెట్టు కింద తాత చెక్కమంచం మీద ఒక మట్టిమూకుడు, అందులో తడిగుడ్డ మూట. ముడి సందుల్లోంచి ఖర్బూజా గింజల తెల్లటి మొలకలు బయటికొస్తున్నాయి.