బల్ల వెనక గూడబాతు

మా ఊళ్లో ఎవరి పెళ్లి ఫొటో తీసి చూసినా పెళ్లికొడుకు తలకీ పెళ్లికూతురి తలకీ మధ్య నుంచి ఒక పక్షి తొంగి చూస్తూ ఉంటుంది. మా అమ్మా నాన్నల ఫొటోలో ఉంది, నా ఫొటోలో ఉంది. ఆకివీడు పక్కన, చేపల చెరువుల మధ్య ఉన్న మా ఊరి చర్చిలో, రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభువు బల్ల వెనక గోడకి బిగించిన చెక్కపలక మీది పక్షి అది. మెడ వంచి, ముక్కుతో తన రొమ్ము తానే పొడుచుకుంటూ ఉంటుంది. రొమ్ము మీద మూడు రక్తపు చుక్కలు, కింద నోళ్లు తెరుచుకుని మూడు పిల్లలు. మిషను రోజుల్లో ఒక దొరసాని గారు తన చేత్తో వేశారట. దాని ముక్కు వంకర, చూపు గద్ద చూపు. అందుకని ఊరంతా దాన్ని పక్షిరాజు అనేవాళ్లం.

నాకు బొమ్మలు అంటుకున్నది ఆ పక్షి వల్లే. అయ్యగారి ప్రసంగం సాగినంతసేపూ పాటల పుస్తకం అట్ట మీద పెన్సిలుతో దాన్ని గీసేదాన్ని, ఇంటికెళ్లాక అమ్మ చేత తన్నులు తినేదాన్ని. తర్వాత తాడేపల్లిగూడెంలో డ్రాయింగు టీచరునయ్యాను. దేవకుమారి టీచరు అంటే పిల్లలకి హడల్. ముప్పై ఏళ్లు వాళ్ల చేత చిలకలూ నెమళ్లూ వేయించాను గానీ, నేను గాని వాళ్లు గాని ఒక్క చిలకనీ చూసి వేసిన పాపాన పోలేదు. పుస్తకంలో చిలకని చూసి నేను బోర్డు మీద వేసేదాన్ని, బోర్డు మీద చిలకని చూసి వాళ్లు నోటుబుక్కులో వేసేవాళ్లు.

రిటైరయ్యాక ఏలూరులో ఒక పాత కెమెరా, చెయ్యంత పొడుగు లెన్సు కొనుక్కున్నాను. మొదటి రోజే కొల్లేటి గట్టున లకుముకి పిట్ట లెన్సులో పడింది. దాని వీపు మీద నీలం చూశాక నా దగ్గరున్న రంగు ట్యూబులన్నిటి మీదా కోపం వచ్చింది. అన్నేళ్లు పిల్లలకి ఏం నేర్పానా అని ఏడుపు కూడా వచ్చింది. ఆ రోజు నుంచి ఆరేళ్లుగా వారంలో రెండు రోజులు కొల్లేట్లోనే ఉంటున్నాను. వంగి నడిచే కంకణాల పిట్టలు, రెక్కలు ఆరబెట్టుకునే నీరుకాకులు, ఎర్రకాళ్ల కొంగలు, అన్నిటికంటే ఎక్కువగా గూడబాతులు. పొడుగాటి ముక్కు కింద సంచీ వేలాడే ఆ పెద్ద పక్షివే నా కంప్యూటరులో నాలుగు వేల ఫొటోలున్నాయి.

కిందటి వానాకాలం మా చర్చి కప్పు కారింది. పలకకి చెదలు పట్టి, పక్షిరాజు ఒక రెక్క పొడి పొడిగా రాలిపోయింది. కప్పు మార్చి గోడలకి సున్నం వేయించి, ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మళ్లీ ప్రతిష్ఠ చెయ్యాలని నిర్ణయించారు. కొత్త పలక వేసే పని నాకు అప్పగించారు. సంఘపెద్ద మా మేనమామ అహరోను గారు. డెబ్బై దాటినా ఆయన మాట గట్టిది.

"ఉన్నది ఉన్నట్టు వెయ్యమ్మాయ్. ఒక్క ఈక కూడా మారకూడదు."

పాత పలకని ఏలూరులో వడ్రంగం చేసే హబీబ్ గారి దగ్గరికి పట్టుకెళ్లాను. అదే కొలతకి టేకు పలక చెయ్యాలి. ఆయన కొలత కోసం పాత చట్రం ఊడదీసి, నన్ను పిలిచారు.

"టీచరుగారండీ, చట్రం కింద ఏదో రాసుందండి. చూడండోసారి."

చట్రం మూసేసిన అంగుళం మేర చెదలు అంటలేదు, ఎండ తగల్లేదు, రంగు నిన్న వేసినట్టుంది. అక్కడ చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఒకే మాట ఉంది. పెలికాన్. అంటే గూడబాతు.

అక్కడే రంపపు పొట్టు మీద కూర్చుండిపోయాను. మా చర్చి పాస్టరు ఆనంద్ పాల్ అయ్యగారికి ఫోన్ చేసి అడిగితే ఆయన నెమ్మదిగా చెప్పారు. తల్లి గూడబాతు తన రొమ్ము చీల్చుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని వెనకటికి విదేశాల్లో నమ్మేవారట. అందుకని చర్చిల్లో ప్రభువుకి గుర్తుగా ఆ బొమ్మ వేసేవారట. మన దొరసాని గారు వాళ్ల ఊరి పుస్తకంలో చూసి వేసుకున్నారు. ఆ పుస్తకం వాడూ ఎన్నడూ గూడబాతుని చూసినట్టు లేదు. ఆవిడ కిటికీ తెరిచి ఆకాశంలోకి చూసి ఉంటే వందల కొద్దీ కనిపించేవి.

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. దొరసాని గారిని అనడానికి నేనెవర్ని? చిన్నప్పటి నుంచి ఆ బొమ్మ చూశాను, ఆరేళ్లుగా ఆ పక్షిని చూస్తున్నాను, రెండూ ఒకటేనని నా బుర్రకి తట్టలేదు.

అహరోను మావయ్యకి చెబితే ఆయన మొహం మాడిపోయింది.

"గూడబాతా? ఆ దొంగపిట్టనా ప్రభువు బల్ల వెనక పెడతానంటన్నావ్?"

"నేను కాదండి మావయ్యా, దొరసాని గారే రాసి పెట్టారు."

"ఆవిడ రాసింది ఆవిడ భాషలో. మనకి పక్షిరాజే. తాతల నాటి నుంచీ దాని కిందే మోకాళ్లూనుతున్నాం. ఇప్పుడు గూడబాతని చెబితే జనం నవ్విపోతారు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఊళ్లో అందరివీ చెరువులే, అందరికీ ఆ పిట్టతోనే తగువు. ఎక్కువ తినే పిల్లల్ని గూడబాతు అని తిడతారు. మావయ్య చెరువు చర్చి వెనకే ఉంది. పిట్టలు వాలినప్పుడల్లా అక్కడి కాపలా మనిషి టపాకాయలు పేలుస్తాడు. ఆదివారం ప్రార్థన మధ్యలో ఢామ్మని పేలినా ఎవరూ కళ్లు తెరవరు, అంత అలవాటు.

"పక్షిరాజునే వెయ్యి. నీకు కుదరదంటే చెప్పు, భీమవరంలో ఫ్లెక్సీ కొట్టించేద్దాం. ఫోన్లో బోలెడు గద్ద బొమ్మలున్నాయి," అని లేచారు మావయ్య.

ఆ మాట నన్ను కోసేసింది. నాకు బొమ్మలు నేర్పిన గోడ అది. దాని మీద ఫ్లెక్సీ. నోరు మూసుకుని పాత బొమ్మే వేసేద్దామని పది రోజులు కూర్చున్నాను. వంకర ముక్కు గీసిన ప్రతిసారీ చెయ్యి ఆగిపోయేది. ఇన్నాళ్లూ తెలియక గీశాను, సరే. ఇప్పుడు తెలిసి కూడా ఎలా గీస్తాను? చివరికి ఊరికి వెళ్లి మావయ్య ఎదురుగా కూర్చున్నాను.

"ఒక్కసారి నాతో ఆటపాక రండి మావయ్యా. తర్వాత మీరు ఏది వెయ్యమంటే అది వేస్తాను."

"డెబ్బై ఏళ్లుగా చూత్తన్నాను, ఇంకేం చూడాలే?"

"చెరువు మీద వాలితే తోలడం కాదండీ. దాని ఇంటి దగ్గర చూడండి."

ఆయన మీసం దువ్వుకున్నారు. "సరే పద. ఎన్ని దొంగలున్నాయో లెక్కయినా తెలుస్తుంది."

తెల్లవారి ఆరున్నరకల్లా ఆటపాక పక్షుల కేంద్రంలో పడవెక్కాం. నడిపే మధుబాబు నాకు ఆరేళ్ల పరిచయం. నీటి మీద మంచు ఇంకా విడలేదు. నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద, మోడుల మీద అంతటా గూళ్లే. కుళ్లిన చేపల వాసన, పిల్లల అరుపులు. గూళ్లకి దూరంగానే మధుబాబు పడవ ఆపేశాడు. దగ్గరికి వెళితే తల్లులు లేచిపోతాయి.

అప్పుడే మా తలల మీదుగా ఒక గుంపు వచ్చింది. ఆ రెక్కల గాలి మా మొహాలకి తగిలింది. అంత బరువైన పక్షులు ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా, ఒకదాని వెనక ఒకటి జారుకుంటూ దిగాయి. ఆఖరి క్షణంలో కాళ్లు ముందుకు చాచి, రెక్కలు గొడుగులా విప్పి, మంచం మీద పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లగా గూటి అంచున నిలబడ్డాయి. ఆరేళ్లలో కొన్ని వందల సార్లు చూసి ఉంటాను. ప్రతిసారీ నా ఒళ్లు జలదరిస్తుంది. మావయ్య నెత్తి మీద టవలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చర్చిలోకి అడుగుపెట్టేటప్పుడు అలా తీస్తారు.

కెమెరాని స్టాండుకి బిగించి ఒక గూటి మీద నిలిపి ఆయన్ని చూడమన్నాను.

"ఏ కన్ను ముయ్యాలే?"

"కెమెరాకి ఆనించనిదండి."

గూటిలో రెండే రోజుల పిల్ల, ఈకలు కూడా రాని ఎర్రటి మాంసపు ముద్ద. తల్లి దాని మీదికి వంగింది. పొడుగాటి మెడ మడిచి, ముక్కు కొస తన రొమ్ముకి గట్టిగా అదిమిపెట్టింది. ఒళ్లంతా కుదుపుతూ, లోపలున్నది కక్కి పిల్లకి అందిస్తోంది. తడిసిన సంచీ అప్పుడే పడుతున్న ఎండలో ఎర్రగా మెరిసింది. నేను కెమెరా లేకుండానే చూస్తున్నాను. అదే వంపు, అదే మెడ. పాటల పుస్తకం అట్ట మీద నేను వెయ్యిసార్లు గీసిన గీత. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో ఒక మనిషి దూరం నుంచి ఇది చూసి, రొమ్ము పొడుచుకుంటోంది అనుకున్నాడు. రక్తం లేదు గానీ, తన కడుపులోది తీసి ఇవ్వడం మాత్రం నిజమే.

"పక్షిరాజు," అన్నారు మావయ్య. కన్ను తియ్యలేదు.

పక్క గూటిలో పిల్ల పెద్దది, తెల్లటి నూగుతో ఉంది. తల్లి రాగానే దాని మీద పడి, నోట్లోకి తల, మెడ, భుజాల దాకా దూర్చేసింది. తల్లి గొంతులో పిల్ల తల కదలడం బయటికి కనిపిస్తోంది. కాసేపటికి పిల్ల బయటికి వచ్చి, ఒక్కసారిగా వణికింది. తన రెక్కని తానే కొరుక్కుంటూ గిరగిరా తిరిగి, గూట్లో పడిపోయింది. మెడ గూటి అంచు మీద నుంచి వేలాడిపోయింది. కదలిక లేదు.

"చచ్చిపోయిందే," అన్నారు మావయ్య.

"ఆగండి."

మధుబాబు కూడా తెడ్డు కదపకుండా కూర్చున్నాడు. అలాగే ఎంతసేపు గడిచిందో తెలీదు. తల్లి ఏ కంగారూ లేకుండా నిలబడే ఉంది. పిల్ల మెడ మెల్లగా కదిలింది. తల లేచింది. ఏమీ జరగనట్టు మళ్లీ అమ్మ ముక్కు మీద పొడిచింది. మేత తిన్నాక అవి అలా పడి లేవడం నాకు తెలుసు, ముందే చూశాను. తెలిసినా నా కళ్లలో నీళ్లు ఆగలేదు. మావయ్య కెమెరా వదిలి ఖాళీ నీటి వైపు తిరిగి కూర్చున్నారు. పడవ ఒడ్డుకి వచ్చినా దొంగల లెక్క అడగలేదు.

ఒడ్డున టీ తాగుతూ మెల్లగా అడిగారు.

"అది పిల్లకి పెట్టింది ఏ చెరువులోదంటావ్?"

"మీ చెరువులోదైనా కావచ్చండి."

"ఊఁ." గ్లాసు కింద పెట్టారు. "మరి ఆ మూడు రక్తపు చుక్కలో? ఎరుపు లేకపోతే సంఘం ఊరుకోదు."

గూడబాతుని వెయ్యొద్దని మాత్రం ఆయన అనలేదు కాబట్టి ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. బూడిద రంగు వీపు, సంధ్యపూట గులాబీ తేలే నడుం, ముక్కు పొడుగునా నల్లటి మచ్చలు, వంగిన మెడ, కింద నోళ్లు తెరుచుకుని మూడు పిల్లలు. ఇరవై రోజులు పట్టింది. ఎరుపు ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీ చూసినప్పుడల్లా దిగులేసేది. ప్రతిష్ఠ నాలుగు రోజుల్లోకి వచ్చాక మావయ్య ఫోన్ చేశారు.

"దాని నోట్లోంచి చేప తోక కనిపించేట్టు పెట్టు. శీలావతి తోక. అంచు ఎర్రగా ఉంటుంది గదా."

"ఎందుకండి మావయ్యా?"

"పెట్టమన్నాను గదే," అని పెట్టేశారు.

ప్రతిష్ఠ ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఆనంద్ పాల్ అయ్యగారు పలక మీది తెర లాగారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి దానమ్మ గారి గొంతు స్పష్టంగా వినిపించింది. "ఓలమ్మ, ఇది గూడబాతు గదండీ." ఒక బెంచీలో కిసుక్కుమన్నారు, అది రెండో బెంచీకి పాకింది, కాసేపటికి చర్చంతా నవ్వు. వెనక నుంచి ఎవరో చేప పట్టుకుపోతోంది చూడండన్నారు. నా చెవులు కాలిపోయాయి. గోడకేసి చూడలేక నేల చూశాను.

ముందు బెంచీలోంచి మావయ్య లేచారు. కర్ర పట్టుకుని జనం వైపు తిరిగారు.

"నవ్వకండి. దాని నోట్లోది మా చెరువు శీలావతి. అది ఎత్తుకెళ్లలేదు. పిల్లలకి పెట్టుకోమని నేనే ఇచ్చాను."

అని కూర్చున్నారు. నవ్వు ఆగిపోయింది. నేను తలెత్తాను. బల్ల వెనక నా గూడబాతు మెడ వంచుకుని ఉంది, రక్తపు చుక్కలుండే చోట శీలావతి తోక ఎర్రగా ఉంది. దానమ్మ గారు పైట చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. అందరం మోకాళ్లూనాం. పైన రెక్కల చప్పుడు వినిపించింది, గుంపు చర్చి మీదుగా వెనకున్న చెరువు వైపు దిగుతోంది. అలవాటు కొద్దీ టపాకాయ కోసం భుజాలు బిగబట్టుకున్నాను. ప్రార్థన ముగిసి ఆమెన్ అనేదాకా అది పేలలేదు.