నీళ్ళు లెక్కలోకి రావు

క్రిస్టినా, అయాజ్ వారం నుంచీ ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు. "గూడెం మీరే వెళ్ళండి" అని ఈవిడంటే, "అబ్బే, మీరే వెళ్ళండి" అని ఆయన. వెళ్ళాలని ఇద్దరికీ ప్రాణం కొట్టుకుంటోంది. పైకి మాత్రం పెళ్ళి భోజనంలో ఆఖరి బూరె ముందు కూర్చున్నంత మర్యాద.

ఏలూరులో అబ్దుల్ మజీద్ గారి కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది వాళ్ళిద్దరే. అయాజ్ ఆయన మేనల్లుడు. క్రిస్టినా కొల్లేరు లంకలోంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి. మజీద్ గారు తాడేపల్లిగూడెంలో రెండో సెంటర్ తెరుస్తున్నారు. దాన్ని ఎవరికి అప్పజెప్పాలో తేల్చడానికి ఆయనకు నోరు రాలేదు. "మీరిద్దరూ మాట్లాడుకుని ఓ పేరు చెప్పండమ్మా" అని వారం కిందటే చెప్పి, ఇవాళ పొద్దున గూడెం వెళ్ళారు. సాయంత్రం పాసింజర్లో దిగేసరికి పేరు తేలాలి.

మాటలతో తేలదని అర్థమయ్యాక అయాజే అన్నాడు: "మన ఆటలో గెలిచినవాళ్ళు వెళ్దామండీ. మామూ వచ్చేలోగా ఎవరూ గెలవకపోతే, పాయింట్లు ఎక్కువున్నవాళ్ళు."

"మీ ఇష్టమండీ" అంది క్రిస్టినా.

అది రాజ్యాలు కట్టే ఆట. మూలనున్న కంప్యూటర్ మీద, భోజనాలయ్యాక, ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తూ నెలల తరబడి సాగదీస్తున్నారు. నీలం రాజ్యం క్రిస్టినాది, ఎర్రది అయాజ్‌ది, పచ్చదాన్ని కంప్యూటరే ఆడుతుంది. పాయింట్లలో అయాజ్ ముందున్నాడు. అయినా క్రిస్టినా ధీమా క్రిస్టినాది. ప్రపంచంలో మూడింట రెండు వంతులు కలిపేసుకుంటే గెలుపేనని ఎవరో చెప్పగా విన్నది. మ్యాప్ నడుమ సముద్రం చుట్టూ వరసగా రేవులు కట్టుకుంటూ వచ్చింది. సముద్రమంతా నీలం గీత లోపలే ఉంది. ఇక ఒక్క రేవు పడితే చాలనుకుంది.

ఆమెకు గూడెం కావాలి. ఒకరి టైముకి కూర్చుని ఒకరి టైముకి లేచే బతుకు విసుగెత్తిపోయింది. అక్కడ సెంటర్ పైన ఒక గది ఉంది. వానాకాలం ఇంట్లోకి నీళ్ళొస్తే మంచం మీద పొయ్యి పెట్టుకుని వండే అమ్మను ఆ గదిలోకి తెచ్చుకోవాలి. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆశపడినట్టుంటుందని సిగ్గు.

నీలం ఓడలు ఎర్ర రేవును చుట్టుముట్టాయి. ఊరు లొంగింది. క్రిస్టినా తెర వంక చూసింది. గెలిచారన్న మాట రాలేదు. ఏమీ రాలేదు.

"నీళ్ళు లెక్కలోకి రావండీ" అన్నాడు అయాజ్ మెత్తగా. "నేల మాత్రమేనండీ. మీకు తెలుసనుకున్నాను."

ఒళ్ళు మండింది ఆమెకు. తెలిసే నెలల తరబడి చోద్యం చూశాడు. గెలుపు షరతులుండే పేజీ మొదటిసారి తెరిచింది. నేల, అని స్పష్టంగా రాసుంది. ఆమె వంతు మూడో భాగం కూడా లేదు. లంకలో పుట్టిన పిల్లకి నీళ్ళు లెక్కలోకి రావంటే ఎలా తడుతుంది? వాళ్ళకు ఆస్తంటే చేపల చెరువే. దాన్నీ ఎకరాల్లోనే చెప్పుకుంటారు. కిందటేడాది కొల్లేట్లో చెరువులు ఉండకూడదని గట్లు కొట్టించడానికి వచ్చిన ఆఫీసరు కూడా వాళ్ళ నాన్నతో ఇదే మాటన్నాడు: "ఇది భూమి కాదండీ, సరస్సు." నాన్న గట్టు తెగిన చోట నిలబడి, "మరిన్నాళ్ళూ ఎకరాలన్నాం కదండీ" అన్నాడు. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఏడుపొస్తుంది.

అయాజ్ ఫోన్ మోగింది. మామూ. బండి భీమడోలు దాటిందట, ఇంకో అరగంటలో ఇక్కడుంటారు.

క్రిస్టినా పేజీ కిందికి జరిపింది. అందరినీ చంపడం, కుదరదు. చంద్రుడి మీదికి ఓడ, టైము లేదు. ఆఖర్న ఓటింగు. ప్రపంచ సభ కట్టినవాళ్ళు ఓటు పెట్టించవచ్చు. సగానికి మించి ఓట్లు పడాలి. ఓట్లు నేలను బట్టి కాదు, జనాన్ని బట్టి. సభ ఎప్పుడో కట్టింది, చూడటానికి బాగుందని. రేవుల్లో చేపలు తిని బలిసిన జనం ఆమెకు బోలెడు. అయినా సగానికి కొంచెం తక్కువే. పచ్చ రాజ్యం కలిసిరావాలి. ఓటింగులో ఓడితే చాలాసేపటిదాకా మళ్ళీ అడగనివ్వదు. ఈలోగా బండి వచ్చేస్తుంది.

ఇప్పుడు పట్టిన రేవు అసలు పచ్చవాళ్ళదే. అయాజ్ ఆ మధ్య లాక్కున్నాడు. ఆమె ఆ ఊరిని పచ్చవాళ్ళకు తిరిగి ఇచ్చేసింది. పక్కనున్న తన రేవు కూడా ఇచ్చింది. పాయింట్లు బొటబొటా రాలిపోయాయి.

"గెలిచిన ఊళ్ళు ఎవరైనా ఇచ్చేస్తారా అండీ!" అయాజ్ నవ్వాడు. ఆమె ఓటింగు మీద నొక్కాక ఆ నవ్వు ఆగిపోయింది.

నీలం నీలానికే వేసింది. అయాజ్ తన ఓటు తనకే వేసుకున్నాడు. పచ్చ వంతు వచ్చింది. పాత కంప్యూటర్ గర్రుమని తిరుగుతూ ఆలోచించింది. కింద వీధిలో రిక్షా ఆగిన చప్పుడు, ఆపైన మెట్ల మీద మజీద్ గారి దగ్గు.

పచ్చ ఓటు నీలానికి పడింది. తెర నిండా బాణసంచా. గెలిచిన పేరు క్రిస్టినాదే.

అయాజ్ చెయ్యి చాచి మానిటర్ ఆపేశాడు.

"ఏమ్మా, తేల్చుకున్నారా?" మజీద్ గారు చెమట తుడుచుకుంటూ కూర్చున్నారు.

క్రిస్టినా అయాజ్ వంక చూసింది. పందెం కట్టినవాడే చెబుతాడని ఆగింది. అయాజ్ మామూ వైపు తిరిగాడు.

"క్రిస్టినా గారు వారం నుంచీ నన్నే వెళ్ళమంటున్నారు మామూ. నాకే మొహమాటంగా ఉంది."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే చిక్కు. ఆటలో గెలిచాను సార్ అంటే నవ్విపోతారు. ఊరుకుంటే పని అయిపోతుంది. మజీద్ గారు అప్పుడే "సరే మరి" అనబోతున్నారు.

"అన్నానండీ" అంది క్రిస్టినా. "వారమంతా అబద్ధమే చెప్పానండీ. గూడెం నాకు కావాలి."

మజీద్ గారు మేనల్లుడి వంకా, ఆమె వంకా మార్చి మార్చి చూశారు. "ఈ మాట మొదటి రోజే అనుంటే ఏం పోయేదమ్మా?" అంటూ జేబులోంచి తాళం చెవి తీసి బల్ల మీద పెట్టారు.

"మీ ఇష్టమండీ, తీసుకోండి" అన్నాడు అయాజ్, ఆమె ఎప్పటిలా వద్దంటుందని ఎదురుచూస్తూ.

క్రిస్టినా తీసుకుంది.