గులాబీ రంగు బ్లాకు

అతనిది రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం. ఊళ్ళో అతని ముఖం ఎరగనివాళ్ళు కూడా గొంతు ఇట్టే గుర్తుపడతారు. అతని కూతురికేమో నత్తి. ఇంట్లో అందరూ ఆ పిల్లను పిచ్చుక అంటారు.

బళ్ళో పిచ్చుకకు కంప్యూటర్ తెర మీద రంగురంగుల బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేయడం నేర్పుతున్నారు. శనివారం ప్రదర్శన. ముందురోజు సాయంత్రం తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్‌లో తన పనితనం చూపించింది.

"పసుపువి మొ... మొదలుపెట్టేవి నాన్నా. జెండా నొక్కితే పని మొదలు. నీలంవి నడిపిస్తాయి. నారింజవి ఆగమంటాయి, మళ్ళీ మళ్ళీ చెయ్యమంటాయి. గు... గులాబీవి శబ్దాలు."

"ఈ గులాబీవి రెండూ ఒకలాగే ఉన్నాయే?"

"ఒకటి పెడితే మాట మొదలవగానే తాబేలు వె... వెళ్ళిపోతుంది. ఇంకోటి పెడితే నా మాట అయ్యేదాకా ఆగుతుంది. నేను రెండోదే పెట్టా."

జెండా నొక్కింది. తెర మీద తాబేలు రోడ్డు పక్కన నిలబడింది. ల్యాప్‌టాప్‌లోంచి పిచ్చుక గొంతు వినిపించింది: "ఇటు చూ... చూ... చూడాలి. అటు చూడాలి." ఆ తర్వాతే తాబేలు కదిలింది.

"అదిరిందమ్మా," అన్నాడు. కానీ హాలు నిండా జనం, ఆ మాట దగ్గర ముసిముసిగా నవ్వుకునే పిల్లలు కళ్ళముందు మెదిలారు. పిచ్చుక స్నానానికి వెళ్ళగానే తలుపు వైపొకసారి చూసి, రికార్డు బొత్తాం నొక్కి, ఆ రెండు మాటలూ తను చెప్పాడు. పాతది తీసేశాడు. పిల్ల మంచికేగా అనుకున్నాడు. అయినా ఆమె తల తుడుచుకుంటూ వస్తే కళ్ళలోకి చూడలేకపోయాడు.

ప్రదర్శనలో పిచ్చుక జెండా నొక్కింది. తాబేలు తండ్రి గొంతుతో మాట్లాడింది.

"ఇది స్టేషన్లో వినపడే గొంతు కదూ," అన్నాడు ఎవరి తండ్రో. "తాబేలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తోందో." చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

పిచ్చుక మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. తండ్రి వైపు చూసింది. "నీ గొంతు పెట్టలేదేమ్మా?" అని టీచరమ్మ అడిగితే, "నే... నేనే నాన్నని చెప్పమన్నా," అంది.

ఆ అబద్ధం అతనికి ముల్లులా దిగింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అందరూ తన వైపు తిరిగేసరికి అవునన్నట్టు తలూపాడు.

ఇంటికి నడిచి వస్తుండగా, "తప్పు చేశానమ్మా. నిన్ను చూసి నవ్వుతారేమోనని..." అన్నాడు.

"నాకూ ఆ భ... భయం ఉంది. అయినా రికార్డు చేశా కదా." నాలుగడుగులు వేశాక అడిగింది, "నాది ఉంచావా?"

"లేదు."

ఇంటికి రాగానే మళ్ళీ రికార్డు చేయడానికి కూర్చుంది. అతను పక్కకి కుర్చీ లాక్కోబోతే, "నువ్వు బయట ఉండు నాన్నా," అంది. వెళ్ళి వరండాలో నిలబడ్డాడు. తలుపు వెనక ఆమె మాట తడబడి ఆగడం, మళ్ళీ మొదలవడం వింటూ ఉండిపోయాడు.

సోమవారం పొద్దున్నే బడికి వెళ్ళి టీచరమ్మకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ క్లాసులో పిచ్చుక చేత ఇంకోసారి చూపించింది. సాయంత్రం కూతురు ఇంటికి రాగానే, "ఎవరైనా నవ్వారా?" అని అడిగాడు.

"ఇద్దరు," అంది పిచ్చుక బూట్లు విప్పుకుంటూ. "మిగతావాళ్ళు తాబేలుని మ... మళ్ళీ నడిపించమన్నారు."

ఆ రోజే ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకుంది. అదేమిటని అడిగే మొహం అతనికి లేకపోయింది.